అమ్మగారి పనికి సంఘం పుస్తకంలో పద్దు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా మార్చి మొదటి శుక్రవారం స్త్రీల ప్రపంచ ప్రార్థన దినం. విజయవాడ, గుంటూరు క్రైస్తవ సంఘాల్లో ఆ రోజు ఆరాధన ఆడవాళ్లే నడుపుతారు. వాక్యం చదివేదీ, ప్రార్థన చేసేదీ, కానుక సంచి పట్టేదీ వాళ్లే. చివర్లో ఒక పెద్దావిడను ముందుకు పిలిచి శాలువా కప్పి ఫొటో తీస్తారు. మంచిదే, సంతోషమే. ఆవిడ ఆ సంఘంలో పాతికేళ్లో ముప్పయ్యేళ్లో బైబిలు స్త్రీగా ఇల్లిల్లూ తిరిగిన మనిషి అయి ఉంటుంది. కానీ చాలా సంఘాల జమాఖర్చుల పుస్తకం తెరిస్తే మైకుసెట్టు అద్దె ఉంటుంది, కరెంటు బిల్లు ఉంటుంది, క్రిస్మసుకు సున్నం వేసిన కూలి ఉంటుంది. ఆవిడ పేరు మీద ఒక్క పద్దు ఉండదు. మినిట్స్ పుస్తకంలో ఆవిడను ఫలానా పనికి నియమించామన్న తీర్మానం కూడా ఉండదు. ఆ లేని పద్దు గురించే మేమీ ఉత్తరం రాస్తున్నాం.

ముందు పనేమిటో సరిగ్గా చెప్పుకోవాలి. లేకపోతే ‘ప్రార్థన చేస్తూ నాలుగిళ్లు తిరిగొస్తుంది’ అన్న మాటతో సరిపెట్టేస్తారు. పాత లూథరన్, బాప్తిస్టు, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో బైబిల్ ఉమెన్ అనో బైబిలు స్త్రీ అనో పేరుంది. కొత్తగా వెలిసిన స్వతంత్ర సంఘాల్లో ఆ పేరు లేదు కానీ పని అదే, దాన్ని ఎక్కువగా పాస్టరమ్మగారే, అంటే పాస్టరు భార్యే, మోస్తుంది. ఆదివారం అయ్యగారు వాక్యం చెబుతారు. సోమవారం నుంచి శనివారం దాకా ఎవరింట్లో జ్వరం, ఎవరింట్లో గొడవ, ఎవరింట్లో పొయ్యి వెలగలేదు అన్నది అమ్మగారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఇళ్లు దర్శించడానికి సింగ్‌నగర్, కృష్ణలంక లాంటి చోట్ల ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు వీలు. మగవాళ్లు పనికి, పిల్లలు బడికి వెళ్లి ఉంటారు, ఇంట్లో ఆడమనిషి మనసు విప్పి మాట్లాడే వేళ అది. గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో ఈ లెక్క పనికిరాదు. మిరపకోతల రోజుల్లో ఆడవాళ్లు తెల్లారకముందే ఆటోలెక్కి వెళ్లిపోతారు, కాబట్టి సాయంత్రం దీపాలు పెట్టాకే వెళ్లాలి. రోజుకు ఐదారిళ్లకు మించితే అది దర్శనం కాదు, హాజరు వేయించుకోవడం. మంచంలో ఉన్నవాళ్ల ఇల్లు మొదట, తర్వాత బాలింత ఉన్న ఇల్లు, ఆ తర్వాత రెండు మూడు ఆదివారాలుగా గుడికి రాని ఇల్లు. అనుభవం ఉన్న బైబిలు స్త్రీ గుమ్మంలోనే వాక్యం మొదలుపెట్టదు. ‘ఏమ్మా, ఒంట్లో ఎట్లా ఉంది?’ అని అడిగి, చెప్పినదంతా విని, ప్రార్థన చేయమంటారా అని అడిగి అప్పుడు చేస్తుంది. నోటుపుస్తకంలో రాసుకునేది బయటికి వచ్చాకే. తేదీ, ఇంటిపేరు, ఏం అవసరం, మళ్లీ ఎప్పుడు రావాలి, అంతవరకే రాయాలి. రహస్యాలు ఆ పుస్తకంలోకి ఎక్కకూడదు, పుస్తకం ఆటోలో మరిచిపోయే రోజు ఒకటి తప్పకుండా వస్తుంది.

ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద తప్పు ఎక్కడ జరుగుతుందో చెప్పాలి. ప్రార్థన మనవుల్లో జరుగుతుంది. భర్త కొడుతున్నాడని ఒక కోడలు ఏడ్చి చెప్పుకుంటుంది. ఆదివారం కూడికలో ఎవరో ‘ఫలానా కుటుంబంలో సమాధానం కోసం ప్రార్థించండి’ అని మైకులో అంటారు. పేరు చెప్పకపోయినా పేటంతటికీ అర్థమవుతుంది. ఆ రాత్రికే ఆ అమ్మాయికి దెబ్బలు రెట్టింపవుతాయి, ఇక జన్మలో ఎవరికీ ఏమీ చెప్పదు. అందుకే తెలిసిన బైబిలు స్త్రీలు మూడు విషయాలు మైకు దాకా పోనివ్వరు: కొట్టడం, గర్భం పోవడం, అప్పు. ఆ అమ్మాయికి మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు నోటికి వచ్చేలా చెబుతారు, ప్రాణం మీదికి వస్తే అత్యవసర నంబరు 112కి చేయమంటారు. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, పిల్లల పుట్టిన ధ్రువపత్రాల నకళ్లు ఒక సంచిలో వేసి నమ్మకమైన ఇంట్లో పెట్టుకోమంటారు. ‘ఓర్చుకో తల్లీ, దేవుడే మారుస్తాడు’ అని పంపేయడం తేలిక. సంచి సర్దించడమే సేవ అని మా గట్టి అభిప్రాయం.

ఆసుపత్రి దర్శనాల సంగతి. గుంటూరు జనరల్ ఆసుపత్రికైనా విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రికైనా సందర్శకుల వేళలోనే వెళ్లాలి. వార్డులో ముందు నర్సమ్మను అడగాలి. ఆపరేషన్‌కు కడుపు ఖాళీగా ఉంచిన మనిషికి ప్రేమకొద్దీ ఫ్లాస్కులో కాఫీ తాగించి, ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడేలా చేసిన సంఘటనలు ఉంటూనే ఉంటాయి. ప్రార్థన రెండు నిమిషాలు, పక్క మంచానికి వినపడనంత గొంతుతో. మందులు మానమని ఎవరికీ ఎప్పుడూ చెప్పకూడదు. క్షయ మందులు మామూలుగా ఆరు నెలల కోర్సు. రెండు నెలలకే దగ్గు తగ్గిపోయి ‘స్వస్థత వచ్చింది’ అనుకుని ఆపేస్తే జబ్బు మొండికెత్తి మందులకు లొంగని క్షయగా తిరిగొస్తుంది. ఉపవాస ప్రార్థనల్లోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఇన్సులిన్ వేసుకునే మనిషి సూది వేసుకుని పస్తుంటే మధ్యాహ్నానికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి పడిపోవచ్చు. మెలకువగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట చూసి, తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఈ నాలుగు ముక్కలు తెలిసిన ఒక్క మనిషి కూడికలో ఉంటే చాలు.

ఇక ఎవరూ మాట్లాడని పని ఒకటుంది. సంఘంలో ఆడమనిషి చనిపోతే ఆ శరీరానికి స్నానం చేయించేది ఎవరు? స్త్రీల సమాజంలోని ఇద్దరు ముగ్గురు. రాత్రి రెండుకైనా ఫోన్ వాళ్లకే వస్తుంది. ఆలస్యం చేయడానికి లేదు. రెండు మూడు గంటల్లో శరీరం బిగుసుకోవడం మొదలవుతుంది, మా ఎండాకాలంలో ఇంకా ముందే. ముందు కనురెప్పలు మూసి, తడిపిన దూది కాసేపు ఉంచుతారు. గడ్డం కింద నుంచి నడినెత్తికి మెత్తటి గుడ్డ కడతారు, లేకపోతే నోరు తెరుచుకుని బిగుసుకుపోతుంది. కాలి బొటనవేళ్లు కలిపి కడతారు. తల కింద చిన్న దిండు తప్పకుండా ఉండాలి. తల పల్లంగా ఉంటే రక్తం ముఖంలోకి దిగి కమిలినట్టు నల్లబడుతుంది, మర్నాడు చూడవచ్చిన బిడ్డలు ‘అమ్మకేమైంది’ అని కంగారుపడతారు. ఒంటిమీద దుప్పటి తీయకుండానే, ఒక్కొక్క భాగం తుడుస్తూ కప్పుతూ రావాలి. గోరువెచ్చని నీళ్లు రెండు బకెట్లు, ముఖానికి ఒక తుండు, ఒంటికి వేరే తుండు. పక్కకు తిప్పేటప్పుడు పొట్టలోంచి ద్రవం రావచ్చు, అందుకు పాత గుడ్డలు, దూది ముందే దగ్గర పెట్టుకోవాలి. ఫ్రీజర్ పెట్టెలో పెట్టే ముందు జుట్టుతో సహా బాగా ఆరబెట్టాలి, తడి ఉంటే చీర అంతా నీరు కారి అంటుకుపోతుంది.

గాజులు, ఉంగరాలు, ముక్కుపుడక తీయడం దగ్గర గొడవలు పుడతాయి. ఇంటివాళ్లు ఇద్దరు ఎదుట ఉండగా తీసి, కాగితం మీద రాసి, వాళ్ల చేతికే ఇచ్చి సంతకం తీసుకోవాలి. చెయ్యి వాచి గాజు రాకపోతే సబ్బునీళ్లు పోసి మెల్లగా తిప్పాలి, లాగకూడదు. అంటువ్యాధితో పోయినవారైతే చేతికి గ్లవ్స్, ముక్కుకు మాస్కు ఉండాలి. నేల, మంచం తుడవడానికి లీటరు నీళ్లకు 30 గ్రాముల పైచిలుకు బ్లీచింగ్ పొడి కలపాలి. ఉరి, విషం, కాలిన గాయాలు, ప్రమాదం అయితే పోలీసులు వచ్చేదాకా శరీరాన్ని ముట్టుకోకూడదు. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల అనుమానం కలిగేలా చనిపోతే తహశీల్దారు స్థాయి అధికారి పంచనామా, పోస్టుమార్టం అయ్యాకే స్నానం. ఎంత పెద్దమనిషి వచ్చి ‘త్వరగా కానివ్వండమ్మా’ అని ఒత్తిడి చేసినా సరే.

తెల్లవారేసరికి ఆవిడకు తెల్లచీర కట్టి, జడ అల్లి, చేతులు కలిపి, పెట్టెకు కొలత కూడా చెప్పి పంపుతారు: తల నుంచి మడమ దాకా, దాని మీద మూడంగుళాలు, భుజాల వెడల్పు విడిగా. సమాధుల తోటలో ఆరాధన చేసినవారి పేర్లు చెబుతారు, పాటలు పాడినవారికి వందనాలు చెబుతారు. స్నానం చేయించినవాళ్లు అప్పటికి ఇంటికెళ్లి తలంటుకుని, కాసేపు కళ్లు మూసుకుని పనులకు వెళ్లిపోయి ఉంటారు. వాళ్లకు గ్లవ్స్, దూది, సబ్బు కొనడానికి సంఘంలో ఒక నిధి ఉందా? చాలా చోట్ల లేదు. వాళ్ల కొంగుముడి డబ్బే.

ప్రభువు బల్ల, అంటే ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షరసం, సిద్ధం చేయడం కూడా ఇలాంటిదే. చిన్న గ్లాసులు వాడే సంఘాల్లో 300 మంది పాల్గొంటారనుకుంటే మనిషికి పది మిల్లీలీటర్ల చొప్పున మూడు లీటర్ల ద్రాక్షరసం కావాలి. కిలో నల్ల ద్రాక్షకు 600 నుంచి 700 మిల్లీలీటర్లు వస్తుంది కాబట్టి ఐదు కిలోలు. ఉప్పునీళ్లలో నానబెట్టి కడిగి, తొడిమలు తీసి, సన్నసెగ మీద గింజ విడివడేదాకా ఉడికించి, పలచటి గుడ్డలో వడకట్టాలి. మిక్సీలో వేస్తే గింజ నలిగి చేదెక్కుతుంది. కాచిన సీసాల్లో మూతిదాకా నింపి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఏప్రిల్ ఎండలో ఒక రాత్రి బయట ఉంచితే చాలు, పులిసి మూత లేచిపోతుంది. శనివారం రాత్రే గ్లాసులు నింపి పెడితే తెల్లారేసరికి చీమలు. అందుకని ఆదివారం ఐదింటికే గుడికి వెళ్లి నింపుతారు. గ్లాసులు కడగడంలో సబ్బు వాసన మిగలకూడదు, మూడు నీళ్లు పోయాలి, చివరి నీళ్లు వేడిగా ఉండాలి, బోర్లించిన గ్లాసులు ఉతికిన గుడ్డ మీద ఆరాలి. ఆరాధన అయ్యాక 300 గ్లాసులు మళ్లీ కడగడానికి ముప్పావుగంట. సంస్కారం ఇచ్చేది అయ్యగారే, దాని మీద మాకు ఈ ఉత్తరంలో వాదన లేదు. స్త్రీలను పాస్టర్లుగా అభిషేకించడం వేరే చర్చ. 2013లో సి.ఎస్.ఐ. నంద్యాల అధ్యక్ష ఖండానికి ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, ఆ సంఘంలో తొలి మహిళా బిషప్ ఆవిడే. ఆ తలుపు తెరుచుకోవడం గొప్ప సంగతి. అయితే వంటగది వెనుక తలుపు దగ్గర నిలబడి గ్లాసులు కడిగే ఆవిడ పరిస్థితి దానితో తనంతట తాను మారలేదు.

వేసవి బైబిలు బడి గురించి క్లుప్తంగా. మా ఎండలకు పొద్దున ఏడున్నరకు మొదలుపెట్టి పదిన్నరకు ముగించాలి. పదిహేను మంది పిల్లలకు ఒక టీచరు, ఏ గదిలోనైనా పెద్దవాళ్లు ఇద్దరు. 80 మందికి మనిషికొక గ్లాసు మజ్జిగ అంటే 16 లీటర్లు, నాలుగైదు లీటర్ల పెరుగు. పిల్లల్ని తెలిసిన మనిషికే అప్పగించి పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి, ‘మా మావయ్య వచ్చాడు’ అన్న మాట చాలదు.

గుంటూరు చరిత్రలోనే మా మాటకు ఒక ఉదాహరణ ఉంది. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు. చదివింది వైద్యం. మిషన్ అప్పగించింది మాత్రం జెనానాల్లో, అంటే పరదా చాటున ఉండే స్త్రీల మధ్య, బోధన పని. ఆవిడ మొదటి ఏడాది నుంచే రోగుల్ని చూశారు. మెడికల్ మిషనరీ అని కాగితం మీద రాసి ఇచ్చింది 1885 చివర్లో. రెండేళ్ల పాటు పని ఒకటి, పుస్తకంలో పేరు ఒకటి. తర్వాత ఆసుపత్రి వెలిసింది, 1930లో చనిపోయేదాకా ఆవిడ ఇక్కడే పనిచేశారు, ఈనాటికీ అది కుగ్లర్ ఆసుపత్రి. కాగితం మీదకు ఎక్కిన పేరు కాబట్టి నిలిచింది. ఆ రోజుల్లో ఇల్లిల్లూ నడిచి ఆడవాళ్లను వైద్యానికి ఒప్పించి తీసుకొచ్చిన తెలుగు బైబిలు స్త్రీల పేర్లు మనలో ఎందరు చెప్పగలరు?

1904లో నెదర్లాండ్స్ నుంచి గుంటూరు వచ్చిన జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసెఫ్) సభ కథోలిక సిస్టర్లనూ చూడండి. కన్యస్త్రీలు పేదరికపు మాటపట్టు తీసుకుంటారు, తమకంటూ ఏమీ ఉంచుకోరు. కానీ ముసలితనంలో జబ్బు పడితే చివరి ఊపిరిదాకా చూసుకునే బాధ్యత వాళ్ల సభది. త్యాగం చేసిన మనిషిని చూసుకునే ఏర్పాటు త్యాగంతోపాటే రాసి ఉంది. మన సంఘాల్లో బైబిలు స్త్రీ దగ్గర త్యాగం తీసుకున్నాం, రెండో సగం రాయడం మరిచిపోయాం.

‘సేవకు జీతమా? దేవుడిస్తాడమ్మా ప్రతిఫలం’ అనే పెద్దలు ప్రతి కమిటీలోనూ ఉంటారు. వాళ్ల భక్తిని మేము శంకించడం లేదు. పనివాడు తన జీతానికి పాత్రుడని లూకా 10లో ప్రభువే చెప్పిన మాట పాస్టరు విషయంలో ఒప్పుకుంటున్నప్పుడు బైబిలు స్త్రీ విషయంలో ఎందుకు ఒప్పుకోకూడదు? రోమా పత్రిక 16వ అధ్యాయం తీయండి. కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే పేరుతో మొదలవుతుంది. ప్రిస్కిల్ల, మరియ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు, వరసగా పేర్లు, ఎవరు ప్రయాసపడ్డారో ఆ మాటతో సహా. ఫీబేను పౌలు మెచ్చుకుని ఊరుకోలేదు, ఆమెకు ఏ విషయంలో మీ సహాయం కావలసివస్తే ఆ విషయంలో చేయండి అని సంఘానికి రాశాడు. అంటే పేరు, పని, చేయవలసిన సహాయం మూడూ రాతలో ఉన్నాయి.

డబ్బెక్కడిది అంటారు. డబ్బు కూడా ఆడవాళ్ల చేతిమీదుగానే వస్తోంది. కొన్ని సంఘాల్లో పిడికెడు బియ్యం కానుక ఇంకా నడుస్తోంది. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. పిడికిలికి 40, 50 గ్రాములు. రెండు పూటలకు రోజుకు 80 నుంచి 100 గ్రాములు, నెలకు సుమారు రెండున్నర కిలోలు. వంద ఇళ్లుంటే 250 కిలోలు. రేషన్ బియ్యం, సోనా మసూరి, కొత్తవీ పాతవీ ఒకే సంచిలో కలిపేస్తే సగం పలుకు, సగం ముద్ద అవుతుంది, ఎవరూ కొనరు. రెండు సంచులు పెట్టి విడివిడిగా పోయించాలి, పురుగు పట్టకుండా ఎండు వేపాకు వేయాలి, ఎండలో మాత్రం పోయకూడదు, గింజ విరిగి నూకలవుతాయి. అలా శుభ్రంగా ఉంచితే కిలో 30 రూపాయలకు అమ్మినా నెలకు 7,500. ఆ సొమ్ము ఎక్కువగా ప్రహరీకో స్పీకర్లకో పోతుంది. అందులో సగం బైబిలు స్త్రీ ఖాతాలో పడాలని అడగడం అత్యాశ కాదు. బియ్యం కానుక లేని పట్నపు సంఘాల్లో ఇంటికి నెలకు 20 రూపాయలు చాలు, 200 కుటుంబాలకు 4,000.

ఆ 4,000తో ఏం చేయాలో కూడా చెబుతాం. మొదటిది తిరుగుడు ఖర్చు. స్త్రీశక్తి పథకం వచ్చాక ఆర్టీసీ బస్సు ఖర్చు తప్పింది. అయితే బస్టాపు నుంచి కాలనీ లోపలికి షేర్ ఆటోనే దిక్కు, ఆ చిల్లర నెలకు 800, 1,000 దాకా అవుతుంది. ఫోన్ రీచార్జి సంగతి సరేసరి, అర్ధరాత్రి పిలుపులన్నీ ఆ ఫోనుకే. రెండోది బీమా. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్లవారికి, ప్రమాదంలో పోతే 2 లక్షలు. జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి 436, చేరడానికి 50 ఏళ్లలోపు ఉండాలి. రెండూ ఏటా బ్యాంకు ఖాతాలోంచి వాటంతటవే తీసుకుంటారు. తప్పు జరిగేది ఇక్కడే. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేక బీమా ఆగిపోతుంది, ఎవరికీ తెలియదు. సంఘ కోశాధికారి మే 20లోగా ఆ ఖాతాలో 500 వేసి ఉంచితే సరి.

మూడోది పింఛను. 40 ఏళ్లలోపు వాళ్లైతే, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు కాకపోతే, అటల్ పెన్షన్ యోజనలో చేర్చాలి. 60 ఏళ్ల తర్వాత నెలకు 5,000 రావాలంటే 25 ఏళ్ల వయసులో చేరితే నెలకు 376, 30లో 577, 35లో 902 కట్టాలి. పాతికేళ్ల అమ్మాయిని సండేస్కూలు టీచరుగానో బైబిలు స్త్రీగానో పెట్టుకున్న రోజే చేర్పిస్తే సంఘానికి భారం ఎంత తక్కువో ఈ అంకెలే చెబుతున్నాయి. 40 దాటినవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది, వాళ్ల పేర పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఐదేళ్ల ఆర్.డి. (రికరింగ్ డిపాజిట్) తెరవాలి. ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పింఛను 4,000 ఉందిగా అంటారు. అది సాధారణంగా ఒక రేషన్ కార్డుకు ఒకటే, ఇంట్లో భర్తకు వస్తుంటే ఈవిడకు రాదు. పాస్టర్లకు ప్రభుత్వం ఇచ్చే నెలకు 5,000 గౌరవ వేతనం పాస్టరు పేరు మీదే, బైబిలు స్త్రీకి అందులో చోటు లేదు.

పాస్టరమ్మగారి విషయంలో మరొక మాట చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్ణం. ఆవిడ ఉండేది సంఘం ఇచ్చిన ఇల్లు. భర్తతోపాటు బదిలీలు, ప్రతిచోటా సండేస్కూలు, స్త్రీల సమాజం, వచ్చేపోయేవాళ్లకు అన్నం. అయ్యగారు ఉన్నట్టుండి కన్నుమూస్తే సంఘం ఏడుస్తుంది, ఘనంగా సాగనంపుతుంది. నలభయ్యో రోజు కూడిక అవుతుంది. ఆ తర్వాత కొత్త పాస్టరు రావాలి కాబట్టి ఇల్లు ఖాళీ చేయమని కబురు వస్తుంది. పిల్లల చదువు మధ్యలో ఉంటుంది. చేతిలో కరిగించుకోవడానికి గొలుసు కూడా ఉండదు. కొత్త పాస్టరుకు ఇల్లు కావాలన్నది నిజమే, ఎవరూ దుర్మార్గులు కారు. ముందే రాసుకోని నియమం వల్ల అందరూ ఆవిడ ఎదుట ముఖం చాటేయాల్సి వస్తోంది. కనీసం విద్యా సంవత్సరం ముగిసేదాకా, లేదా ఆరు నెలలు, ఏది ఎక్కువైతే అది ఉండనివ్వాలి. కొత్త పాస్టరుకు ఆ ఆరు నెలల అద్దె సంఘం భరించాలి. దానికోసం ఏటా కోతపండుగ వేలంలో వచ్చిన సొమ్ములో పదోవంతు విడిగా బ్యాంకులో వేస్తూ పోతే ఐదేళ్లలో ఆ అద్దెకు ఆసరా అవుతుంది.

ఒంటరిగా ఇళ్లకు తిరిగే ఆడవాళ్ల భద్రత కూడా కమిటీ పని. రాత్రి పిలుపుకు ఇద్దరు కలిసే వెళ్లాలి, ఎక్కడికి వెళ్లారో ఒకరికి మెసేజి పెట్టాలి. వేధింపుల మీద 2013 చట్టం ప్రకారం పదిమంది అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువ ఉంటే జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. ‘సంఘం పరువు’ పేరు చెప్పి ఫిర్యాదును ఆపే అధికారం ఎవరికీ లేదు.

మీ పత్రిక చదివే సంఘ కార్యదర్శులకు, కోశాధికారులకు మా మనవి ఇది. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం మినిట్స్‌లో రాయించండి, మాటలు మీకు తగినట్టు మార్చుకోండి: ‘శ్రీమతి ఫలానా వారిని ఫలానా తేదీ నుంచి ఈ సంఘ బైబిలు స్త్రీగా నియమించడమైనది. వారానికి నాలుగు రోజులు, రోజుకు మూడు గంటలు పని. నెలకు గౌరవ వేతనం ఇంత, తిరుగుడు ఖర్చు ఇంత, ప్రతి నెల 5వ తేదీలోగా బ్యాంకు ఖాతాలో జమ. బీమా, పింఛను వాయిదాలు సంఘం చెల్లిస్తుంది. అంత్యక్రియల సామగ్రికి ఏడాదికి ఇంత కేటాయింపు, ఖర్చు చేసే అధికారం స్త్రీల సమాజం కార్యదర్శిది.’ కింద అధ్యక్షుని సంతకంతోపాటు ఆవిడ సంతకం కూడా పెట్టించి, ఒక నకలు ఆవిడ చేతికివ్వండి. ఇప్పటికే రిటైరైపోయిన, మంచం పట్టిన బైబిలు స్త్రీలు మీ పేటలో ఉంటే వాళ్లు ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా పనిచేశారో వాళ్లనే అడిగి అదే పుస్తకంలో రాయండి. వాళ్లలో చాలామంది ఎనభై దాటినవాళ్లు, ఈస్టర్ దాకా ఆగకుండా వెళ్లి అడగండి.

ఇట్లు,
స్త్రీల సమాజాల్లో పనిచేసే కొందరు సభ్యులు,
విజయవాడ, గుంటూరు.